మూలం తెలియని అడుగులు

2068 ఏప్రిల్ 15, ఆదివారం. చింతచిగురులో ఎండురొయ్యలు వేసి వండిన కూర, వేడన్నం, చివర్లో గడ్డపెరుగు.

మూడేళ్ల కిందట ఆ రోజు ఏం తిన్నాడో పరంజ్యోతి పైకే చెప్పాడు. చెవిలో ఇమిడి ఉండే చెవిపూస విని, తన దగ్గర రాసి ఉన్న దాంతో సరిచూసుకుని, రెండో ప్రశ్న వేసింది.

"ఏ పిలుపు మీద తిన్నారు?"

ఎదురుగా అద్దం మీద మూడు జవాబులు వచ్చాయి. రేవు దగ్గరి ఎండుచేపల అంగడి పిలుపు. వంటలు నేర్పే ఒకావిడ పిలుపు. ఆకుకూరల బండి పిలుపు. నిజానికి ఆ రోజు పైవాటాలో ఉండే ఆవిడ కొంగులో ఇంత చిగురు పోసుకొచ్చి, "వినోదినికి పులుపు తగిలితే నోరు లేస్తుందేమో చూడండి" అని ఇచ్చి వెళ్లింది. మందుల వల్ల నాలుగు నెలలుగా ఏదీ రుచించని అతని భార్య వినోదిని ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకుంది. పరంజ్యోతి ఆకుకూరల బండిని ఎంచుకున్నాడు. అద్దం అంచున పచ్చగీత వెలిగింది. పని మొదలైంది.

జోడింపుదారులందరికీ రోజూ పొద్దున ఈ పరీక్ష ఉంటుంది. తన సొంత అడుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేనివాడు ఊళ్లోవాళ్ల అడుగులకు మూలం ఎలా రాస్తాడని సంధాన మండలి వాదన.

మండలి బందరు కార్యాలయంలో అతను పందొమ్మిదేళ్లుగా చేస్తున్న పని ఒకటే. ఎడమ అద్దం మీద పిలుపుల, అంటే ప్రకటనల, ఖాతా ఉంటుంది: ఏ దుకాణం, ఏ కళాశాల, ఏ ఆసుపత్రి ఎవరి చెవిలో ఏం చెప్పిందో. కుడి అద్దం మీద అడుగుల ఖాతా: ఎవరు ఏ గడప దాటారో. ప్రతి పిలుపుకూ ఒక ముద్రసంఖ్య ఉంటుంది. విన్న చెవిపూస ఆ సంఖ్యను మోసుకు తిరిగి, గడప దాటినప్పుడు అక్కడ దింపుతుంది. సరిగా దిగితే ఆ పిలుపుకూ ఆ అడుగుకూ ముడి పడినట్టు. దారిలో రాలిపోయిన సంఖ్యల్ని వెతకడం, ఒకే అడుగు రెండుసార్లు పడితే ఒకటి కొట్టేయడం, దొంగ అడుగుల్ని వడపోయడం పరంజ్యోతి చూసుకుంటాడు. ఏ ముడీ పడనిది మూలం తెలియని అడుగు. అది లెక్కలోకి రాదు.

ఒకప్పుడు ఈ లెక్క వ్యాపారులకే. పదేళ్ల కిందట ప్రభుత్వమూ ఇదే కొలతబద్ద పట్టుకుంది. నూరు అడుగుల్లో కనీసం పది పిలుపుకు ముడిపడని కేంద్రం జనానికి అక్కర్లేనిదని తేల్చింది. ఏటా జులై ఆఖరి రోజు సాయంత్రం ఆరింటికి అలాంటి కేంద్రాలన్నీ పటంలోంచి పోతాయి. మర్నాడు ఉదయం బండి వచ్చి సామాను పట్టుకుపోతుంది.

ఈ రోజు ఆ ఆఖరి రోజు. పరంజ్యోతి జాబితాలో నలభై ఒక్క పేర్లున్నాయి. మధ్యాహ్నం పన్నెండు కావస్తుంటే ఇరవై ఏడో పేరు దగ్గరికి వచ్చాడు.

చిలకలంక పాముకాటు కేంద్రం. నెలలో వేసిన పిలుపులు లక్షా పద్నాలుగు వేలు. వచ్చిన అడుగులు తొమ్మిది. పడిన ముళ్లు సున్నా.

పటంలోంచి పేరు తీసేసే విడదీత మీట మీదికి వెళ్లిన వేలు ఆగింది. కింద చిన్న అక్షరాల్లో మందుల వాడకం ఉంది. విషం విరుగుడు సీసాలు, ఆరువందల నలభై.

తొమ్మిది అడుగులకు అన్ని సీసాలా? మందైనా దొంగతనంగా పోతుండాలి, అడుగులైనా తప్పు పడుతుండాలి. ఎలాగూ విడదీతకు ముందు కేంద్రంవాళ్లను ఒకమాట అడగాలన్న నియమం ఉంది. సాధారణంగా ఎవరూ అడగరు. అతను కలిపాడు.

"ఎవరండీ?" ఆడగొంతు, హడావుడిగా ఉంది.

"సంధాన మండలి నుంచమ్మా. పరంజ్యోతి అంటారు. కేంద్రం నడిపే నర్సు దీనమ్మ గారేనా?"

"నేనేనండి. పిలుపులోళ్లా? మాకేం వద్దు, మీరేవమ్మినా మా కాడ కొనేవోళ్లు లేరు."

"అమ్మడానికి కాదమ్మా. మీ కేంద్రానికి వచ్చేవాళ్లెవరూ మీ పిలుపు విని రావడం లేదని ఇక్కడ కనపడుతోంది."

"పిలుపిని రావడవేంటండి? చెవిలో అది పడగానే అబ్బ, బాగుందే అనుకుని, ఎళ్లి పాము చేత కరిపించుకుని వత్తారా?"

పరంజ్యోతికి నవ్వొచ్చింది. "మరెలా వస్తారమ్మా?"

"ఏడుత్తా వత్తారు."

అతను నవ్వు ఆపేశాడు.

"నెలలో తొమ్మిది అడుగులే పడ్డాయి మీ గడప మీద."

"తొమ్మిదేంటి, నిన్నొక్కరోజే నలుగురు. నాట్ల కాలవండీ ఇది. ఆళ్లెవరికీ పూసలుండవు. బురదలో దిగేముందు తీసి ఇంట్లో డబ్బాలో పెట్టుకుంటారు. తడిసిందంటే మళ్లీ ఎవరిత్తారు?"

"తీసుకొచ్చేవాళ్లకైనా ఉంటాయిగా?"

"తెచ్చేది మస్తానేనండి. లంకలో బండి ఉన్నది ఆడొక్కడికే."

చెప్పక తప్పదు కాబట్టి చెప్పాడు. సాయంత్రం ఆరింటికి కేంద్రం పటంలోంచి పోతుందని, రేపు ఎనిమిదింటికి మందుల శీతలపెట్టె కోసం బండి వస్తుందని. ఆ తర్వాత లంకవాళ్లకు దగ్గరి విరుగుడు యాభై ఎనిమిది కిలోమీటర్ల దూరంలో.

"నాట్లయ్యేదాకా ఆగలేరా? ఇంకో ఇరవై రోజులు."

"నా చేతిలో లేదమ్మా. దానంతటదే జరిగిపోతుంది."

"సరే లెండి. పాములకి చెప్పి చూత్తాను." అంతలోనే ఆమె గొంతు మారింది. "ఉండండి, బండొచ్చింది."

ఆమె తెంపలేదు. పూసను బల్ల మీద పడేసినట్టు చప్పుడైంది. తర్వాత అన్నీ దూరంగా వినిపించాయి. ఎవరో ఆడమనిషి మూలుగు. "నాంచారమ్మా, కాలు కదపమాక. ఏం పాము చూశావా?" "రక్తపింజరే, బుస ఇన్నాను" అని వేరెవరిదో గొంతు. నీళ్ల చప్పుడు, స్టీలు పళ్లెం చప్పుడు. చివరికి దీనమ్మ స్పష్టంగా అంది: "రత్తం గొట్టంలో పోశాను. ఇరవై నిమిషాలు ఎవరూ బల్ల ముట్టుకోవద్దు. కదిలితే గడ్డకట్టిందో లేదో తెలవదు."

పరంజ్యోతి కూడా తన బల్ల మీద చేతులు తీసేశాడు. తీశాక తనకే తెలిసింది ఎందుకు తీశాడో.

ఇరవై నిమిషాలున్నాయి. అతను వడపోత జాబితా తెరిచాడు.

వెతకడానికి నాలుగు నిమిషాలు పట్టలేదు. షేక్ మస్తాన్‌వలి చెవిపూస. జులై నెలలో చిలకలంక కేంద్రం గడప డెబ్భై ఒక్కసారి దాటింది. డెబ్భై ఒక్కటీ కొట్టేసి ఉన్నాయి. కారణం: ఇంటివాళ్ల అడుగు.

ఎవరైనా ఒకే గడప నెలలో ఏడుసార్లకు మించి దాటితే అతను అక్కడి పనివాడో యజమానో అయ్యుంటాడని ఆ నియమం. యజమానులు తమ గడపే తాము దాటి అడుగులు పెంచుకోకుండా పెట్టింది. పైగా ఇంటివాళ్లుగా రాసినవాళ్ల చెవిలో పిలుపు కూడా వేయరు, దండగని. అందుకే మస్తాన్‌వలి పూసలో ఏ ముద్రసంఖ్యా లేదు.

నియమం కింద దాన్ని రాసిన జోడింపుదారు పేరుంది. వేమూరి పరంజ్యోతి.

రెండేళ్ల కిందటి సంగతి. గుడివాడలో ఒక మిఠాయి దుకాణందారు రోజుకు తొంభైసార్లు తన గడప తానే దాటుతూ పట్టుబడ్డాడు. గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసినట్టు దాటాడని కార్యాలయమంతా నవ్వుకున్నారు. ఆ వారమే పరంజ్యోతి ఈ వడపోత రాశాడు. మండలి అతనికి ప్రశంసాపత్రం ఇచ్చింది. పాముకాటు మనుషుల్ని వెనక కూర్చోబెట్టుకుని ఒకే మనిషి పదేపదే రావచ్చని అప్పుడు తోచలేదు. ఏ జోడింపుదారుకీ తోచదు. గడప మనిషిని లెక్కపెట్టదు, పూసను లెక్కపెడుతుంది. జోడింపుదారులంతా ఆ లెక్కతోనే బతుకుతున్నారు.

చెవిలో దీనమ్మ గొంతు. "వంచుతున్నా."

గొట్టం పళ్లేనికి తగిలిన చప్పుడు.

"నీళ్లలాగే ఉంది. గడ్డకట్టలేదు. పది సీసాలు తీయ్ మస్తానూ. అయ్యో, ఊపమాక! ఊపితే నురగొచ్చి పాడైపోద్ది. అరచేతుల్లో పెట్టి దొర్లించు, చపాతీ ముద్దలాగ."

"ప్రతిసారీ చపాతీ అంటావు గాని ఒక్కసారన్నా పెట్టావా అక్కా?" అని మగగొంతు. మూలుగుతున్న మనిషి కూడా ఆ మాటకు ఒకసారి ఊపిరి పీల్చుకున్నట్టు వినపడింది.

పరంజ్యోతి గొంతు పెంచి పిలిచాడు. "మస్తాన్‌వలీ!"

"ఎవరది? అక్కా, నీ పూస మాట్లాడతంది."

"మండలి నుంచి. చేతులు ఆపొద్దు, దొర్లిస్తూనే చెప్పు. ఈమెను ఇక్కడికి తీసుకురమ్మని నీకెవరు చెప్పారు?"

"పక్క కయ్యలో నాటేసే సుబ్బలు కేకేసింది సార్."

"సుబ్బలుకి ఎవరు చెప్పారు?"

"కిందటేడు సుబ్బలికే కరిచింది కదా. అప్పుడు పోస్టు ఈరాసామి చెప్పాడంట."

"వీరాస్వామికి?"

"పెళ్లి సంబంధానికి గోత్రాలడిగినట్టు అడుగుతున్నారేంది సార్! ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటారు. మనుషులన్నాక చెప్పుకోరా?"

పరంజ్యోతి వడపోతలోంచి మస్తాన్‌వలి పేరు తీసేశాడు. డెబ్భై ఒక్క అడుగులూ ఖాతాలోకి తిరిగొచ్చాయి. వచ్చి, ఒక్కొక్కటే బూడిదరంగులోకి మారాయి. మూలం తెలియదు. మూలం తెలియదు. ముళ్లు ఇప్పటికీ సున్నా.

మూడు గంటలకు విభాగాధికారి ఇందుమతి వచ్చింది. అతనికన్నా ఇరవై ఏళ్లు చిన్నది. నడుస్తూ మాట్లాడే అలవాటు ఆమెది.

"పరంజ్యోతి గారూ, ఇరవై ఏడు దగ్గర మూడు గంటల్నుంచి కూర్చున్నారు. మిగిలినవి ఎప్పుడు?"

అతను జరిగింది చెప్పాడు. వడపోత తను రాసిందేనని కూడా చెప్పాడు. ఆమె అద్దం మీద బూడిదరంగు వరసను చూసింది.

"వాళ్లదే ఏదో ఒక పిలుపు సంఖ్య తగిలించెయ్యండి. ఎనిమిది ముళ్లు పడితే చాలు గట్టెక్కుతుంది. నేను ఇటు రాలేదు, ఏమీ చూడలేదు."

ఆమె స్థాయి మనిషి ఆ మాట అనడం చిన్న విషయం కాదని అతనికి తెలుసు. "మీరన్నందుకు చాలా సంతోషం మేడమ్. కానీ తనిఖీ యంత్రం తెల్లారేలోపు పట్టేస్తుంది. అబద్ధపు ముడి అని తేలితే ఆ కేంద్రాన్ని మళ్లీ ఎప్పటికీ తెరవనివ్వరు."

"అయితే వదిలెయ్యండి. మనం రాసే రూల్సా ఇవి?"

"ఇది నేను రాసిందే."

అతను నియమం కింద ఉన్న తన పేరు చూపించాడు.

"మూలాల జాబితాలో కొత్తది చేర్చే అధికారం నాలాంటి పెద్ద జోడింపుదారుకు ఉందిగా మేడమ్?"

"ఉంది. పదకొండేళ్లలో ఎవరూ వాడలేదు. ప్రతి మూలానికీ యజమాని ఉండాలి. పిలుపు వేసేవాడు ఎవడో ఒకడు. ఎవరి పేరు రాస్తారు?" ఆమె గొంతు తగ్గించింది. "పైగా ఒక్క కేంద్రానికని పెట్టనివ్వదు. పెడితే రాష్ట్రమంతా పెట్టాలి. ఒక పాముకాటు కేంద్రం కోసం అంత పని చేయకండి. మీకు ఇంకా రెండేళ్ల సర్వీసుంది."

"ఆమె రక్తం ఇంకా గడ్డకట్టడం లేదు."

"ఎవరామె?"

"నాంచారమ్మ అని. నాటేసే మనిషి. ఆరు గంటల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తారట. అప్పటికీ కట్టకపోతే ఇంకో పది సీసాలు కావాలి. రాత్రికి మళ్లీ కావచ్చు, రేపు కావచ్చు. రేపు ఎనిమిదింటికి మన బండి వెళుతుంది."

ఇందుమతి ఒక చేత్తో కణత నొక్కుకుంది. "మిగిలిన పద్నాలుగూ నా బల్లకు పంపండి, నేను చూస్తాను" అని వెళ్లిపోయింది. ఆమె అంతకంటే ఏమీ ఇవ్వలేదు. అదైనా మరో అధికారి ఇచ్చేవాడు కాదు.

అతను మస్తాన్‌వలి పూస ఏమేం విందో చూడటం మొదలుపెట్టాడు. చెవిపూస పిలుపుల్ని మాత్రమే వినదు. చుట్టుపక్కల మాటలన్నీ వింటుంది, దేని తర్వాత మనిషి ఎటు నడిచాడో రాసుకుంటుంది. పెట్టడానికి గడి లేక యంత్రం ఆ మాటల్ని ఒక మూల పోగేసింది. డెబ్భై ఒక్క ప్రయాణాల్లో అరవై ఎనిమిదింటికి ముందు ఎవరో ఒకరి మాట ఉంది. 'దీనమ్మ కాడికి పోనీయ్.' 'మంత్రాలొద్దు, మా అన్న అక్కడే బతికాడు.' 'అక్కడ తిట్టరు, తొందరగా పోనీయ్.'

ఐదూ నలభైకి మూలాల జాబితా తెరిచాడు. నాలుగువందల పన్నెండు మూలాలున్నాయి. గోడ పిలుపు, చెవి పిలుపు, అద్దం పిలుపు, పాట మధ్య పిలుపు. అన్నిటికింద ఖాళీ గడిలో రాశాడు: మనిషి చెప్పాడు.

యజమాని ఎవరు అని యంత్రం అడిగింది.

ఖాళీగా వదిలితే ఒప్పుకోలేదు. 'అందరూ' అని రాస్తే ఒప్పుకోలేదు. బతికున్న ఒక మనిషి పేరు, సంఖ్య, పూచీకత్తు కావాలంది. ఏ మూలం వల్ల ఏ నష్టం వచ్చినా యజమానే జవాబుదారీ.

పరంజ్యోతి కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. వినోదిని పోయాక, ఇంటికి వెళితే అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఆ విషయం ఈ మూడేళ్లలో మొదటిసారి పనికొచ్చేలా కనిపించింది. తన పేరు రాశాడు. ఉద్యోగ సంఖ్య రాశాడు. రాష్ట్రమంతటికీ అన్న గడిలో గుర్తు పెట్టి, బొటనవేలు అద్దానికి ఆనించాడు. ఐదూ యాభై మూడు.

చిలకలంక వరస మొదట కదిలింది. బూడిదరంగు అడుగులు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. ఎనభై అడుగుల్లో అరవై ఎనిమిది ముళ్లు. విడదీత జాబితాలోంచి ఆ పేరు చప్పుడు లేకుండా తొలగిపోయింది.

అతను ఊపిరి వదిలాడు. అప్పటికే పక్క వరస కదులుతోంది.

మెరుగైన మూలం దొరికినప్పుడు యంత్రం పాత ముళ్లను కూడా విప్పి చూసుకుంటుంది. సరైన లెక్క కోసం దాన్ని అలా కట్టారు. ఇన్నాళ్లూ మూల పోగేసిన మాటలకు ఇప్పుడొక గడి దొరికింది. బందరులో పెద్ద చీరల కొట్టు ఒకటి తన అడుగుల్లో ఎనభై రెండు శాతం పిలుపులవేనని చెప్పుకుంటుంది. అది డెబ్భై అయింది, నలభై నాలుగైంది, పందొమ్మిది దగ్గర ఆగింది. మిగిలిన అడుగుల పక్కన కొత్త మూలం పడుతూ పోయింది. అత్తగారు చెప్పింది. బస్సులో పక్కనాయన చెప్పాడు. ఇంజనీరింగ్ కళాశాల, కంటి ఆసుపత్రి, చెప్పుల దుకాణం. తర్వాత గుడివాడ, ఏలూరు, ఒంగోలు. గోడ మీది రాష్ట్ర పటంలో పిలుపుల ఎర్రరంగు ఊరి తర్వాత ఊరు వెలిసిపోతోంది.

పైఅంతస్తులో ఎవరో పరుగెత్తారు. అన్ని బల్లల మీదా ఒకేసారి గంటలు మోగడం మొదలైంది. జోడింపుదారులు లేచి నిలబడి గోడను చూస్తున్నారు. ఒకతను, "ఇది నిజమైతే ఇన్నేళ్లూ మనం కట్టిందేంటి?" అన్నాడు, ఎవరినీ ఉద్దేశించకుండా.

పరంజ్యోతి కూర్చున్నచోటే కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆరూ నలభైకి చెవిలో గరగరలాడింది.

"అయ్యగారూ, ఉన్నారా?"

"ఉన్నాను దీనమ్మ గారూ."

"గొట్టం వంచాను. కదల్లేదు. జున్నుముక్కలాగ కూర్చుంది." ఆమె గొంతులో అలసట తప్ప ఏమీ లేదు. "కాఫీ అడుగుతంది నాంచారమ్మ. మరి బండి?"

"ప్రస్తుతానికి లేదమ్మా."

"పెస్తుతానికంటే?"

"నాకూ తెలియదు."

"సరే. నాక్కూడా ఎప్పుడూ పెస్తుతానికే తెలుసు" అని ఆమె తెంపేసింది.

అతను తలెత్తేసరికి ఇందుమతి పక్కన నిలబడి ఉంది. ఈసారి నడవడం లేదు. పై నుంచి వచ్చిన తాఖీదులు ఆమె మణికట్టు మీద ఆగకుండా వెలుగుతున్నాయి.

"యజమాని గడిలో మీ పేరు చూశాను."

"అవును మేడమ్."

"ఏడింటిలోపు నేను రద్దుగదిలో కూర్చుంటే ఇవాళ పడ్డ ముళ్లన్నీ విప్పెయ్యొచ్చు. ఏడు దాటితే రేపు మండలి మొత్తం కూర్చున్నా, కొత్త లెక్క మీదే కూర్చోవాలి." ఆమె గోడ వైపు చూసింది. తూర్పు జిల్లాల్లో ఇప్పుడు ఎరుపు దాదాపు లేదు. "పైవాళ్లు పద్దెనిమిదిసార్లు అడిగారు, గదిలోకి వెళ్లావా అని."

అతను ఏమీ బతిమాలలేదు. బతిమాలితే ఆమెకు కష్టమవుతుందనుకున్నాడు.

"మీ నాంచారమ్మ?"

"గడ్డకట్టిందట. కాఫీ అడుగుతోందట."

ఇందుమతి తల ఊపింది. కారిడార్ చివర రద్దుగది దీపం వెలుగుతోంది. ఆమె అటు నడిచింది. పరంజ్యోతి గడియారం చూశాడు. ఆరూ యాభై ఒకటి. ఆమె గదిలోకి వెళ్లడం, బల్ల ముందు నిలబడటం అద్దాల మీదుగా కనిపించింది. ఆమె కుర్చీ వెనక్కి లాగింది. చాలాసేపు దాని వీపు పట్టుకునే నిలుచుంది.

తర్వాత కుర్చీని మళ్లీ బల్ల కిందికి తోసి, దీపం ఆర్పింది. బయటికి వచ్చి, పిడి పూర్తిగా తిప్పి పట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు మూసింది.

"రేపు కలుద్దాం" అని, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది.